పాత సైకిలు: పునరుద్ధరణమా, పరిరక్షణమా?

(సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద కవిత్వమును గూర్చియు, నాట్యమును గూర్చియు వినుటకు అలవాటుపడిన మీకు సైకిలును గూర్చి చెప్పబూనుట కొంత సాహసమే. అయినను మన తాతతండ్రులలో గుఱ్ఱమెక్కినవారు ఎందరో గాని, సైకిలెక్కనివారు మాత్రము మిక్కిలి అరుదు. గ్రామకరణము, బడిపంతులు, తపాలా బంట్రోతు, టీకాలు వేయు ఉద్యోగి, పాలవాడు, అత్తవారింటికి పండుగకు పోవు క్రొత్త అల్లుడు, వీరినందరిని మోసినది ఆ రెండు చక్రములే. ఆ బండ్లు కొన్ని ఇప్పటికిని మన స్వస్థలములందలి యిండ్లలో మిగిలియున్నవి. వానిని ఏమి చేయవలెనన్నదే నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న ఎప్పుడు పుట్టునో మీకు తెలియును. సంక్రాంతికి ఊరికి పోయిన కుమారుడు వసారా మూలనున్న తండ్రిగారి బండిని చూచును. టైర్లు చీలినవి, రిమ్ములు తుప్పెక్కినవి, సీటు తోలు ముడుచుకొన్నది. మనస్సు కరగును. “దీనిని బాగుచేయించి క్రొత్తదానివలె చేయింతును” అనును. ఆ మాటలో ప్రేమయే గాని దోషము లేదు. కాని నేడు పాత సైకిళ్లకు పెద్ద అపాయము ఆ ప్రేమవలననే వచ్చుచున్నదని నా మనవి. పాతయినుము కొనువాడు తీసికొనిపోయిన బండి పోయినదని మనకు తెలియును. రంగులు వేయించుకొని తళతళలాడుచు తిరిగివచ్చిన బండి కూడ కొంతవరకు పోయినదని మనకు తోచదు.

ఈ విషయమున శ్రద్ధగలవారు రెండు పక్షములుగా నున్నారు. బండి కర్మాగారమునుండి వెలువడిననాడు ఎట్లుండెనో అట్లు చేయవలెనని ఒక పక్షము. నేడు ఎట్లున్నదో అట్లే నిలిపి, ఇంకను చెడకుండ చూడవలెనని రెండవ పక్షము. మొదటిది పునరుద్ధరణము, రెండవది పరిరక్షణము. ఈ వాదము సైకిలుకన్న పాతది. ఇంగ్లండులో పాత దేవాలయములను “బాగుచేయు” పేరిట పాడుచేయుచున్నారని విలియం మోరిస్ 1877లో ఒక సంఘమునే స్థాపించినాడు. నేటి రూపమున సైకిలు పుట్టుటకు ఇంకను ఎనిమిదేండ్లుండెను.

ఆ రూపము 1885లో కోవెంట్రీ నగరమున స్టార్లీ అనునతడు చేసిన ‘రోవర్’ బండితో స్థిరపడినది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చినది. మన దేశమునకు నాటింగ్‌హామ్ నుండి ర్యాలీలును, బర్మింగ్‌హామ్ నుండి హెర్క్యులస్, ఫిలిప్స్, బి.ఎస్.ఏ. బండ్లును ఓడలమీద వచ్చుచుండెను. బి.ఎస్.ఏ. అసలు తుపాకుల కంపెనీ. ఆ బండి బిళ్లమీద నిలువబెట్టిన మూడు తుపాకులు అందువలననే కనిపించును. స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసు చేరువ అంబత్తూరున టి.ఐ. వారును, 1951లో సోనీపత్‌న అట్లాస్ వారును, 1956లో లూధియానాలో హీరో వారును సైకిళ్ల కంపెనీలను స్థాపించిరి. ఆసన్సోలులో సేన్-ర్యాలీ బండ్లు తయారైనవి. ఇవన్నియు ఇంగ్లీషు అచ్చులోనే పోసినట్టివి: ఇరువదియెనిమిది అంగుళముల చక్రము, కడ్డీ బ్రేకులు, నల్లరంగు. మనకు చేరువనే సాహిబాబాదులోనున్న అట్లాస్ కర్మాగారము 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడే, పని నిలిపివేసినదన్న వార్త మీలో చాలమందికి జ్ఞాపకముండును.

ఈ అచ్చు మారకపోవుటవలన మనకొక అదృష్టము, ఒక అపాయము రెండును కలిగినవి. డెబ్బదియేండ్ల బండికి కావలసిన టైరు, మడ్గార్డు, బ్రేకు కడ్డీ నేటికిని మన పట్టణములలో దొరకును. ఐరోపాలోని అభిమానులు ఈ సౌకర్యమును చూచి అసూయపడుదురు. అపాయమేమన, చవకగా దొరకుటచేతనే మంచి పాత భాగమును తీసి పారవేసి నాసిరకపు క్రొత్తదానిని తగిలించుట సులభమైనది. అంతేకాదు, దొరకినదెల్ల సరిపోవును అనుకొనుటయు పొరపాటే. ర్యాలీవారు పెడళ్ల ఇరుసు కూర్చుండు గొట్టమునకు తమదే యైన మర పెట్టిరి, అంగుళమునకు 26 చుట్లు. తక్కిన బండ్లకు సాధారణముగా 24. మేస్త్రీ తెలియక 24 చుట్ల కప్పును సుత్తితో బలవంతముగా బిగించెనా, ఆ మర మరల రాదు. చట్రమే చెడిపోవును.

ఇక రంగు సంగతి. ఇదియే అసలు వివాదము గనుక కొంచెము నిలిచి చెప్పెదను.

నాటి నల్లరంగు నేటి రంగువంటిది కాదు. ఎనామెలును పూతలుగా పూసి, బట్టీలో కాల్చెడివారు. దానిమీద బంగారు రంగు సన్నగీతలను పొడవాటి కుచ్చు కుంచెతో పనివారు చేతితోనే గీసెడివారు. ఆ గీతను దగ్గరగా చూచినచో ఒకచోట లావుగను, ఒకచోట సన్నముగను ఉండును. చేయి ఎక్కడ ఎత్తినాడో కూడ తెలియును. కంపెనీ పేరును అద్దుడు కాగితముతో అద్ది, పైన వార్నిషు పూసెడివారు. ఇనుప భాగముల మెరుగు 1930 ప్రాంతమువరకు నిక్కెలు పూతవలన వచ్చినది. నిక్కెలు కొంచెము పసుపుచాయగా, వెన్నెలవలె మెరయును. అటుపిమ్మట వ్యాపించిన క్రోమియము అద్దమువలె నీలిచాయగా మెరయును. 1922 నాటి బండికి క్రోమియము పూత వేయించుట శ్రీకృష్ణదేవరాయలకు చేతిగడియారము పెట్టుటవంటిదే.

రెండవ ప్రపంచయుద్ధకాలపు ఇంగ్లీషు బండ్ల విషయము ఇంకను విచిత్రము. అప్పుడు మెరుగుపూత లోహములు యుద్ధమునకు కావలసివచ్చినందున హ్యాండిలు, రిమ్ములు, పళ్లచక్రము అన్నిటికిని నల్లరంగే వేసిరి. అట్టి బండి దొరకినప్పుడు యజమాని తరచు చేయు మొదటి పని, “ఎవరో తెలివిమాలినవాడు దీనికి నల్లరంగు పూసినాడు” అని గీకించి క్రోమియము వేయించుట. తెలివిమాలినవాడు ఎవడో చెప్పనక్కరలేదు. ఒక మహాయుద్ధము ఒక హ్యాండిలుమీద వదలిన గుర్తు ఒక్క మధ్యాహ్నములో పోవును.

ఇసుకధారతో గీకి పౌడరు కోటింగు వేయించుట నేటి వాడుక. అది దళసరి పూత. అతుకుల అంచులు దానిలో మునిగిపోవును. సీటు గొట్టము దగ్గర కొట్టిన చట్రపు సంఖ్య పూడిపోవును. ఆ సంఖ్యయే బండికి జన్మపత్రిక. మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు గల బండి మీ ఇంట ఉన్నచో వెనుక హబ్బును గుడ్డతో తుడిచి చూడుడు. 1950 దశకపు హబ్బుపై సంవత్సరపు చివరి రెండంకెలును, మాసపు అంకెయు ముద్రించియుండును. “తాతగారు ఏనాడు కొన్నారో” అని తగవులాడుకొను పనిలేదు. అయితే హబ్బు మారియుండవచ్చును గనుక ఆ తేదీని చట్రముతో సరిచూచుకొనవలెను.

ఈ సందర్భమున మన సభ్యులలో ఒక మిత్రుని యింట జరిగిన సంగతి, వారి యనుమతితో చెప్పుచున్నాను. ఆయన తండ్రిగారు పల్లెటూరి బడిపంతులు. వారి హెర్క్యులస్ బండిని మిత్రుడు మంచి సొమ్ము పెట్టి ఒక దుకాణమున బాగుచేయించినాడు. పని చక్కగనే జరిగినది. బండి పెండ్లికొడుకువలె తిరిగివచ్చినది. ఎనుబదియేండ్ల తల్లిగారు బయటికి వచ్చి, హ్యాండిలు ముట్టలేదు, గంట కొట్టలేదు. పైకడ్డీమీద చేయి వేసి తడవి చూచి, “ఇక్కడ రంగు పోయిన చోటు ఏదిరా, అబ్బాయీ?” అని యడిగినారు. ఆ కడ్డీకి పూర్వము చిన్నపిల్లవాని సీటు బిగించియుండెను. దాని పట్టీ రాచుకొని రాచుకొని రంగు పోయి, ఉక్కు నునుపుదేరి గుంటపడినది. ఆ సీటుమీద కూర్చుండి ఆరేండ్లు బడికి పోయినవాడు ఈ మిత్రుడే. దుకాణమువారు ఆ గుంటలో లప్పము పెట్టి చదునుచేసి రంగు వేసిరి. పాత గంటయు, పురపాలక సంఘమువారి పన్నుబిళ్లయు ఏవి యని యడుగగా, చెత్తలో పోయినవనిరి. దుకాణదారుని తప్పని నేననను. క్రొత్తదానివలె చేయుమన్నారు, చేసినాడు.

మన పట్టణములలో సైకిలుకు పన్ను కట్టించుకొని రేకుబిళ్ల నిచ్చెడి కాలమొకటి యుండెను. బిళ్ల లేని బండినో, రాత్రి దీపము లేని బండినో పట్టుకొనెడివారు. ఆ బిళ్లమీద ఊరిపేరు, సంవత్సరము ఉండును. సామాన్యుని జీవితమునకు మన దేశమున వ్రాతపూర్వకమైన ఆధారములు ఎంత తక్కువయో ప్రభుత్వోద్యోగులమైన మనకు చెప్పనక్కరలేదు. జమీందారుకు దస్తావేజులున్నవి, కవికి కావ్యములున్నవి. ముప్పదియేండ్లు పది ఊళ్లు తిరిగి పిల్లలకు చదువుచెప్పినవాని చేవ్రాలు ఆ కడ్డీమీది గుంటయే.

గ్రంథ పరిష్కరణము ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. తాళపత్రమున అక్షరములు శిథిలమైనచోట మంచి పరిష్కర్త చుక్కలుంచును. తాను ఊహించినదానిని అడుగున వేరుగా వ్రాయును. దుష్ట పరిష్కర్త ఆ ఖాళీలో తన పద్యమును ఇరికించి ఊరకుండును. తరువాతివారికి ఏది కవిదో, ఏది పరిష్కర్తదో తెలియదు. మన కార్యాలయములలోనైనను అంతే గదా. పాత నోటు తప్పైనను దానిని గీకివేయము. దాని క్రింద మన నోటు వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుదుము. ఫైలునందు పాటించు మర్యాదను తండ్రిగారి బండియందు పాటింపకుండుట న్యాయమా?

ఒకసారి చేసినది మరల తీయుటకు వీలుగా ఉండవలెనన్నది మరియొక సూత్రము. దీనికి ఉదాహరణము అజంతాలో ఉన్నది. అజంతా అప్పుడు హైదరాబాదు రాజ్యములోనిది. 1920 ప్రాంతమున నైజాము ప్రభుత్వమువారు ఇటలీనుండి నిపుణులను రప్పించి, పెచ్చులూడుచున్న చిత్రములను అతికింపజేసిరి. ఆ సేవ గొప్పదే. కాని చిత్రములపై పూసిన లక్క వార్నిషు కాలక్రమమున పసుపెక్కి, అసలు రంగులను కప్పివేసినది. దానిని తొలగించుటకు తరువాతివారు మిక్కిలి శ్రమపడవలసి వచ్చెను. పాత రంగుమీద మెరుపు వార్నిషు కొట్టించెదమనువారికి ఇది తగిన సమాధానము. మైనము పూయుడు. మైనమును రేపు తుడిచివేయవచ్చును.

ఇంతవరకు విని నేను తుప్పును పూజించువాడనని మీరు భావింపవచ్చును. కాను. రెండవ పక్షమునందును వెఱ్ఱి లేకపోలేదు. తుప్పు చరిత్ర కాదు. నీరు, గాలి కలిసి ఉక్కును తినుచుండగా కలుగు వ్యాధి. సముద్రపు గాలి తగులు కాకినాడలోను, బందరులోను అది మరింత త్వరగా తినును. దానిని చూచుచు ఊరకుండుట పరిరక్షణము కాదు, నిర్లక్ష్యమునకు పెట్టుకొన్న అందమైన పేరు. ఫలహారశాలల గోడలకు పాత సైకిళ్లను మేకులు కొట్టి వ్రేలాడదీయువారును, క్రొత్త బండికి కృత్రిమముగా తుప్పు పట్టించి పాతదని అమ్మువారును బయలుదేరినారు. వారితో నాకు పనిలేదు.

పునరుద్ధరణ పక్షమువారు చెప్పు మాటలలో ఒకటి మాత్రము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. బండ్లన్నిటిని ముట్టకుండ అట్లే ఉంచినచో, బంగారు గీతను చేతితో గీయు కుంచెపని, పుల్లలు అల్లి చక్రమును కంటితోనే సరిచేయు నేర్పు ఏమి కావలెనని వారి ప్రశ్న. పాత మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. వారి చేతిపనికి పని చూపనిచో అదియు ఒక పురావస్తువే యగును. ఇది గట్టివాదము. దీనికి నా సమాధానమొక్కటే: అసలు రంగు ఎన్నడో పోయి, రెండుమూడు మారులు డ్యూకో రంగు కొట్టబడిన బండ్లు దేశమున కొల్లలుగా ఉన్నవి. ఆ మేస్త్రీల చేతికి వానిని ఇయ్యుడు. పుట్టినప్పటి చర్మము మిగిలియున్న బండ్లు కొద్ది. వానిని విడిచిపెట్టుడు.

మన సంప్రదాయమున జీర్ణోద్ధారణ మున్నది గదా, పాతబడిన కోవెలను బాగుచేసి కుంభాభిషేకము చేయుట పుణ్యము గదా, అని పెద్దలొకరు నన్నడిగిరి. అది నిజమే. దీపము వెలుగుచున్న కోవెలకు అది తగును. మన పురావస్తుశాఖకు సర్ జాన్ మార్షల్ 1923లో వ్రాసియిచ్చిన పరిరక్షణ గ్రంథమునందును ఈ భేదమే కనిపించును. శిథిలమును క్రొత్తగా కట్టవలదనుచునే, ఏ పనికై కట్టిరో ఆ పనికే ఇంకను వాడుచున్న సజీవ కట్టడముల విషయమున కొంత ఎక్కువ పునరుద్ధరణము తప్పకపోవచ్చునని ఆయన యొప్పుకొనెను. ఈ భేదమును సైకిలుకు అన్వయించుకొన్నచో సగము చిక్కు విడిపోవును. రోజూ మార్కెటుకు త్రొక్కెడి బండి సజీవము. దానికి టైరు మార్చినను, గొలుసు మార్చినను, సీటు మార్చినను ఎవరును ఆక్షేపింపరాదు. భాగములు మారుటయే దాని జీవితము. ఇరువదియేండ్లుగా కదలనిది వేరు. దానిని ఏమి చేయుటకైనను తొందరలేదు.

ఈ రెండింటి నడుమ నుండునది చిక్కు. కదలని బండిని మరల కదలించవలెనని యున్నది. ఢిల్లీవారికి ‘ఫెయిరీ క్వీన్’ రైలుయంత్రము తెలియును. 1855లో చేసినది, 1909లో విశ్రమించినది, ప్రదర్శనశాలలో చాలకాలము నిలిచినది. 1997లో మరల ఢిల్లీనుండి ఆళ్వారుకు నడచినది. నిలిచిన యంత్రమునకు, పొగ వదలుచు కదలు యంత్రమునకు గల భేదము పిల్లల ముఖములు చూచిన తెలియును. అయినను నడుపవలెనన్నచో అరిగినవానిని మార్చక తప్పదు. సైకిలు విషయమున ఆ వెల చాల తక్కువ. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, బేరింగు గుండ్లు, అంతే. వీనిని మార్చుటకు రంగును గీకనక్కరలేదు. కాని ముందు ఫోర్కును, హ్యాండిలు కాడను ఊడదీయించి, తుప్పుక్రింద చీలిక ఏమైన ఉన్నదేమో చూపించవలెను. ఈ ఒక్క విషయమున చరిత్రకన్న మనుమని పళ్లు ముఖ్యము. చీలియున్నచో ఆ బండిని త్రొక్కవలదు.

మోటారు వాహనముల విషయమున కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నుండి ఏబదియేండ్లు దాటి, అసలు రూపమున నిలిచి, చట్రమునందుగాని ఇంజనునందుగాని పెద్ద మార్పులు లేనిదే ‘వింటేజి’ వాహనము. అనగా ప్రభుత్వము కూడ మెరుపును అడుగలేదు, అసలు రూపమును అడిగినది. సైకిలుకు ఇంజను లేదు గనుక ఈ నియమము దానికి వర్తింపదు. దానికి గృహస్థుడే ప్రభుత్వము.

కనుక ఈసారి ఊరికి పోయినప్పుడు చేయదగిన పనిని చెప్పి ముగించెదను. మొదట తుడువక మునుపే బండికి నాలుగువైపుల ఫొటోలు తీయుడు. చట్రపు సంఖ్యను వ్రాసికొనుడు. ఇంట పెద్దలున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఏ భాగము ఎప్పుడు మారినదో, ఏ గీత ఎట్లు పడినదో అడిగి, అదియు వ్రాసికొనుడు. ఇది అన్నిటికన్న త్వరపడవలసిన పని, తుప్పు ఆగును గాని వారు ఆగరు. పిమ్మట పొడి గుడ్డతో దుమ్ము దులిపి, జిడ్డును కొద్ది కిరసనాయిలుతో మెల్లగా తీయుడు. బంగారు గీతలమీద, కంపెనీ పేరుమీద రుద్దవలదు. క్రోమియముమీది తుప్పు, తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దిన చాలవరకు పోవును. నిక్కెలు పూత పలుచన, దానిమీద ఈ పని చేయకుడు. ఆక్సాలిక్ ఆమ్లము తుప్పును కరగించునుగాని అది విషము. పిల్లలున్న యింట నేనైతే వాడను. తోలుసీటుకు కొబ్బరినూనె పట్టించుట మన యిండ్ల అలవాటు. తోలు మెత్తబడి ఉయ్యాలవలె సాగిపోవును, మానుడు. చివరకు మైనము పలుచగా పూసి, చక్రములు నేలకానకుండ రెండు కొయ్యదిమ్మెలమీద నిలిపి, తేమలేనిచోట ఉంచుడు. మేస్త్రీచేత ఏదైన మార్పించినచో పాతదానిని అడిగి తెచ్చుకొని, చీటీ కట్టి, ఒక డబ్బాలో పెట్టుడు. మారిన తేదీ ఆ చీటీమీద వేయుడు. ఆ డబ్బాను బండి దగ్గరనే ఉంచవలెను, అటకమీద వేరుగా పెట్టినచో మరుసటి దీపావళికి ఎవరో పారవేయుదురు.